అద్దె మద్దెల

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతలో మన పెద్దలు ఒక ముఖ్యమైన వివరం వదిలేశారు. ఆ మద్దెల ఎవరిది? సొంతదైతే ఓడు అన్న మరుక్షణం మరమ్మతు ఖర్చు మీద పడుతుంది, ఇంటి పరువు కూడా కొంత పోతుంది. అద్దెదైతే ఏ బెడదా లేదు. తిరిగి ఇచ్చేసి ఇంకొకటి తెచ్చుకోవచ్చు. ఈ సూక్ష్మాన్ని పట్టుకుని ప్రపంచవ్యాప్త వ్యాపారంగా పెంచిన ఘనత ఫుట్‌బాల్ సమాఖ్యలది. వాటి చేతుల్లో అందరికంటే ఎక్కువ ఊళ్ళు తిరిగి, ఎక్కువ కచేరీల్లో మోగి, ఎక్కువ సార్లు ఓడు అనిపించుకున్న మద్దెలల్లో అగ్రగణ్యుడు, దేశం తర్వాత దేశానికి కోచ్‌గా వెళ్ళిన బోరా మిలుటినోవిచ్. ఆయన గురించి గంభీరంగా రాయవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం. నవ్వదలచినవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఈ విషయం రాయడానికి నాకున్న అర్హత ఏమిటని అడుగుతారేమో. మా అపార్ట్‌మెంటులో నీళ్ళు రానప్పుడల్లా మేము వాచ్‌మన్‌ను మారుస్తాం. ఇప్పటికి ముగ్గురు వెళ్ళిపోయారు. నీళ్ళు రాలేదు. కానీ ప్రతిసారీ ఒక నెల పాటు ఏదో జరుగుతోందన్న తృప్తి అందరికీ మిగిలింది. ఆ తృప్తి ఖరీదు తెలిసినవాడిగానే ఈ వ్యాసానికి పూనుకున్నాను.

బోరా 1944లో సెర్బియాలోని బయినా బాష్టాలో పుట్టారు. తల్లిదండ్రులు చిన్నతనంలోనే పోయారు. అన్నదమ్ములు ముగ్గురూ బంతి ఆటలో పడ్డారు, ముగ్గురూ బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్ జట్టుకు ఆడారు. ఈయన అక్కడితో ఆగక స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ చుట్టి చివరికి మెక్సికోలో పూమాస్ జట్టులో తేలారు. అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నారు. ఆటగాడిగా విరమించాక అదే జట్టుకు కోచ్ అయ్యారు, లీగ్ టైటిల్ గెలిపించారు. 1983లో మెక్సికో జాతీయ జట్టును తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. గమనించండి, మిగతా దేశాలు విదేశీ కోచ్‌ను కొత్త అల్లుడిలా చూస్తాయని నేను చెబితే అది ఉపమానం. మెక్సికో విషయంలో అది కేవలం వాస్తవం.

అల్లుడు పరువు నిలబెట్టారు. 1986లో ప్రపంచకప్ మెక్సికోలోనే జరిగింది. బెల్జియం మీద గెలుపు, పరాగ్వేతో డ్రా, ఇరాక్ మీద గెలుపు, బల్గేరియా మీద గెలుపు. క్వార్టర్ ఫైనల్లో పశ్చిమ జర్మనీతో గోలు లేకుండా ఆట ముగిసింది, పెనాల్టీ కిక్కుల్లో మాత్రం మెక్సికో చేతులెత్తేసింది. ఆడిన ఐదు మ్యాచ్‌లలో ఆట జరుగుతుండగా ఒక్కటీ ఓడలేదు. ఇంతకంటే మర్యాదగా ఇంటికి రావడం ఎలాగో నాకు తెలియదు. తర్వాత ఆయన అర్జెంటీనాలో ఒక క్లబ్బు, ఇటలీలో ఒక క్లబ్బు రుచి చూశారు. అవి ఇక్కడ చెప్పుకోదగినంత కాలం నిలవలేదు.

అసలు కథ కోస్టారికాతో మొదలవుతుంది. ఆ దేశానికి 1990 తొలి ప్రపంచకప్. పోటీలకు ఇంకా దాదాపు మూడు నెలలుందనగా బోరాను పిలిచారు. మూడు నెలల్లో మన దగ్గర పెళ్ళి భోజనాల కేటరింగ్ కూడా ఖాయం కాదు. అటువంటిది, కోస్టారికా స్కాట్లాండ్‌ను 1-0తో, స్వీడన్‌ను 2-1తో ఓడించి రెండో దశకు వెళ్ళింది. మధ్యలో టురిన్‌లో బ్రెజిల్‌తో ఆడినప్పుడు తెలుపు, నలుపు చారల చొక్కాలు వేసుకుంది. టురిన్ అంటే యువెంటస్ జట్టు ఊరు, యువెంటస్ చొక్కా తెలుపు నలుపు చారలది. పరాయి ఊళ్ళో ప్రేక్షకుల మనసు చొక్కాతోనే కొనవచ్చని తెలిసిన కళ్ళు ఆ బెంచి మీద ఉన్నాయని నా అనుమానం. అయినా బ్రెజిల్ ఒక గోలుతో గెలిచింది. బ్రెజిల్‌కు చొక్కాల మీద ఆసక్తి తక్కువ.

అద్భుతాలు చేసేవాడన్న బిరుదు ఆయన వెంట పడింది. దూరపు కొండలు నునుపు అంటారు కదా. ఆ కొండనే పట్టుకెళ్ళి వాకిట్లో దింపుకుందామని 1991లో అమెరికాకు అనిపించింది. 1994 ప్రపంచకప్ వాళ్ళ దేశంలో. అతిథులను పిలిచి, వంట రాదని చెబితే బాగుండదు. బోరా అక్కడ నాలుగేళ్ళు ఉన్నారు. 1993లో ఇంగ్లండ్‌ను 2-0తో ఓడించారు, ప్రపంచకప్‌లో స్విట్జర్లాండ్‌తో డ్రా చేసుకుని కొలంబియాను 2-1తో ఓడించారు. (ఆ మ్యాచ్‌లో కొలంబియా ఆటగాడు పొరపాటున కొట్టిన సొంత గోలు కథ తర్వాత హత్యలో ముగిసింది. దాన్ని ఈ వ్యాసంలోకి లాగను.) రెండో దశలో జులై 4న, అంటే సాక్షాత్తూ వాళ్ళ స్వాతంత్య్ర దినాన, బ్రెజిల్ వచ్చి ఒక ఆటగాడు బయటికి పోయినా పదిమందితోనే 1-0తో గెలిచి వెళ్ళింది.

ఇక్కడ భాష గురించి ఒక మాట. బోరాకు అరడజను భాషలు వచ్చు. ఏ భాషలో మాట్లాడుతున్నా మిగతావి కూడా పిలవని పేరంటానికి వచ్చి కూర్చునేవి. అమెరికా విలేకరులు తలపట్టుకునేవారు. నేను దాన్ని లోపం అనను. కోచ్ వృత్తిలో స్పష్టంగా మాట్లాడినవాడి మాటలే తర్వాత అతని మెడకు చుట్టుకుంటాయి. ఎవరికీ పూర్తిగా అర్థం కాని వాగ్దానాన్ని ఎవరూ నిలదీయలేరు. మన నాయకులు ఒక్క భాషతోనే ఈ ఫలితం సాధిస్తున్నారు, అది వేరే విద్య.

1995లో అమెరికా ఆయనను సాగనంపింది. ఓడినందుకు కాదు. జట్టుతో పాటు ఆఫీసు బాధ్యతలు కూడా చూడమన్నారు, ఆయనకు అది రుచించలేదు. కచేరీ బాగానే ఉంది, ఇక టిక్కెట్ల లెక్కలు కూడా నువ్వే రాయి అని మద్దెలను అడిగితే ఏం చెబుతుంది?

అల్లుడు ఖాళీగా ఉన్నాడని తెలిసి మెక్సికో మళ్ళీ పిలిచింది. 1998 ప్రపంచకప్ అర్హత పోటీల చివరి దశలో మెక్సికో పది మ్యాచ్‌లు ఆడింది. నాలుగు గెలిచింది, ఆరు డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు, పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. అయినా ఉద్యోగం పోయింది. అజ్‌టెకా మైదానంలో పదిమందితో ఆడుతున్న అమెరికా మీద కూడా గోలు కొట్టలేక 0-0తో ముగించడం జనానికి అవమానంగా తోచింది. జట్టు ప్రపంచకప్‌కు వెళ్ళింది, తీసుకెళ్ళినవాడు మిగిలిపోయాడు. పెళ్ళి కుదిర్చిన పేరయ్యకు శుభలేఖ అందలేదన్నమాట. ఇంత శుద్ధమైన తొలగింపు ఫుట్‌బాల్ చరిత్రలో అరుదు. ఓడినవాణ్ణి పంపడానికి ధైర్యం అక్కర్లేదు. ఓడనివాణ్ణి పంపాలంటే సంస్థకు గుండె కావాలి.

కానీ మద్దెలల లోకంలో ఒక చోట ఖాళీ పడితే ఇంకొక చోట కచేరీ సిద్ధంగా ఉంటుంది. నైజీరియాను ప్రపంచకప్‌కు అర్హత సాధించేలా చేసిన ఫిలిప్ ట్రూసియేను ఆ దేశం అప్పటికే పంపించేసింది. ఆ కుర్చీలో బోరా కూర్చున్నారు. ట్రూసియే ఊరుకున్నారా? దక్షిణాఫ్రికా జట్టును వెంటబెట్టుకుని అదే ప్రపంచకప్‌కు వచ్చారు. కుర్చీలాట అంటే పిల్లల ఆట అనుకుంటాం గాని, దానికి జీతాలు కూడా ఉంటాయి. నాంట్‌లో జరిగిన మ్యాచ్‌లో నైజీరియా స్పెయిన్‌ను 3-2తో ఓడించింది. సండే ఒలిసె దూరం నుంచి కొట్టిన ఆ మూడో గోలు చూసినవారు ఇప్పటికీ మరచిపోరు. తర్వాత బల్గేరియా మీద గెలుపు, గ్రూపులో మొదటి స్థానం. ఇక ముందు పండుగే అనుకుంటుండగా డెన్మార్క్ వచ్చి 4-1తో కొట్టింది.

ఆ 1998 పోటీలను తొలగింపు శాస్త్రం చదివే విద్యార్థులు ప్రత్యేకంగా అధ్యయనం చేయాలి. పోటీలు ముగిసేదాకా కూడా ఆగలేక ముగ్గురు కోచ్‌లను మధ్యలోనే పంపేశారు. దక్షిణ కొరియా, ట్యునీషియా, సౌదీ అరేబియా. సౌదీ వాళ్ళు పంపినది ఎవరినో తెలుసా? కార్లోస్ అల్బెర్తో పరేరాను. సరిగ్గా నాలుగేళ్ళ కిందట బ్రెజిల్‌కు ప్రపంచకప్ గెలిచి ఇచ్చిన మనిషిని. ఆయన కూడా ఐదు వేరువేరు దేశాలను ప్రపంచకప్‌కు తీసుకెళ్ళిన మహానుభావుడే. బోరా ప్రత్యేకత ఏమిటంటే, వరసగా ఐదు ప్రపంచకప్‌లు, ఐదు దేశాలు, మధ్యలో ఒక్కటీ తప్పలేదు. మొదటి నాలుగు జట్లూ రెండో దశకు చేరాయి.

ఇన్నేళ్ళ పరిశీలన మీద నేనొక సూత్రం ప్రతిపాదిస్తున్నాను. బోరా ఎంత తక్కువ కాలం ఉంటే అంత మంచి ఫలితం. కోస్టారికాలో మూడు నెలలు, ప్రపంచకప్‌లో రెండు గెలుపులు. నైజీరియాలో కొద్ది నెలలు, రెండు గెలుపులు. అమెరికాలో మూడేళ్ళకు పైగా తర్ఫీదు, ఒక్క గెలుపు. చైనా సంగతికి ఇప్పుడే వస్తాను. మొదటిసారి మెక్సికోలో మూడేళ్ళుండి మూడు గెలిచారు కదా అని అడ్డు తగలకండి. అల్లుళ్ళకు లెక్కలు వేరు.

చైనా 2000లో ఆయనను పిలిచింది. 2002 ప్రపంచకప్ జపాన్, దక్షిణ కొరియాలలో. ఆతిథ్య దేశాలు కాబట్టి ఆ రెండింటికీ అర్హత పోటీలు లేవు. ఆసియా పంక్తిలో తిండిపుష్టి గల ఇద్దరూ ముందే వేరే గదిలో కూర్చున్నారన్నమాట. చైనాకు ఆకు దొరికింది. 2001 అక్టోబరులో షెన్యాంగ్‌లో ఒమాన్‌ను 1-0తో ఓడించి మొట్టమొదటిసారి ప్రపంచకప్‌లోకి అడుగుపెట్టింది. దేశం ఊగిపోయింది, బోరా ఇంటింటి దేవుడయ్యారు. ఆట ఆనందంగా ఆడాలన్నది ఆయన బోధ.

తొలి మ్యాచ్ దక్షిణ కొరియాలోని గ్వాంగ్జులో. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? కోస్టారికా. పన్నెండేళ్ళ కిందట ఆయన చేయి పట్టి ప్రపంచానికి పరిచయం చేసిన కోస్టారికా. దాని కోచ్ అలెషాండ్రె గిమరాయిస్, 1990లో ఆయన దగ్గర ఆడిన కుర్రాడు. అప్పుడు స్వీడన్ మీద గెలుపు గోలు కొట్టిన మెడ్‌ఫోర్డ్ ఇప్పటి జట్టులో కూడా ఉన్నాడు. శిష్యులు గురువును 2-0తో సత్కరించారు. తర్వాత బ్రెజిల్ 4-0, టర్కీ 3-0. మూడు మ్యాచ్‌లు, తొమ్మిది గోల్స్ ఇచ్చుకున్నారు, ఒక్కటీ పుచ్చుకోలేదు. ఆనందంగానే ఆడారని అనుకోవాలి. ఆ తర్వాత చైనా ప్రపంచకప్ గడప మళ్ళీ తొక్కలేదు, కాబట్టి అక్కడ ఆయన దైవత్వానికి ఇప్పటికీ పోటీ లేదు.

బ్రెజిల్ విషయం మీరు గమనించే ఉంటారు. కోస్టారికా చొక్కాతో వెళ్ళినా, అమెరికా చొక్కాతో వెళ్ళినా, చైనా చొక్కాతో వెళ్ళినా అదే బ్రెజిల్ ఎదురుపడి ఓడించింది. కొందరికి శని ఏ రాశికి మారినా తమ ఇంటికే దారి తెలుసు.

ఆ తర్వాతి ప్రయాణాన్ని త్వరగా దాటేస్తాను. హోండురస్‌లో కొద్ది నెలలు, ఖతార్‌లో ఒక క్లబ్బు, జమైకాలో ఓటముల వరస, 2009లో ఇరాక్. దక్షిణాఫ్రికాలో జరిగిన కాన్ఫెడరేషన్స్ కప్‌లో ఇరాక్ రెండు మ్యాచ్‌లు 0-0తో ముగించి, స్పెయిన్ చేతిలో 0-1తో ఓడింది. 1986లో మెక్సికోతో తాను ఓడించిన ఇరాక్‌నే తెచ్చుకుని, 1998లో నైజీరియాతో తాను ఓడించిన స్పెయిన్ చేతిలో ఓడడం అంటే ఋణానుబంధాలన్నీ తీర్చుకోవడమే. అంతకు ముందెప్పుడో న్యూయార్క్ ప్రాంతపు మెట్రోస్టార్స్ క్లబ్బును నడిపినప్పుడు 1999 సీజనులో 32 మ్యాచ్‌లలో 25 ఓడిపోయారు. అభిమానులు ఆ సంఖ్య ఎత్తరు. నేను మాత్రం ఎత్తుతాను. మద్దెల అసలు ఓడు కాదని ఎవరన్నారు? ఒక్కోసారి నిజంగానే ఓడు. సామెత చిక్కు అంతా అక్కడే ఉంది.

మనకు ఈ వ్యవహారంతో సంబంధం లేదనుకోవద్దు. బోరాకు ముందు చైనాను ప్రపంచకప్‌కు తీసుకెళ్ళలేకపోయిన బాబ్ హౌటన్‌ను 2006లో మన దేశం పిలుచుకుంది. ఆయన సామాన్యుడు కాదు, 1979లో స్వీడన్‌కు చెందిన మాల్మోను యూరోపియన్ కప్ ఫైనల్ దాకా నడిపించినవాడు. ఇక్కడ నెహ్రూ కప్ రెండుసార్లు గెలిపించారు, 2011 ఆసియా కప్‌కు తీసుకెళ్ళారు. అదే ఏడాది వెళ్ళిపోయారు. గురువును ఓడించిన గిమరాయిస్ కూడా 2016లో ముంబయి సిటీ జట్టుకు కోచ్‌గా వచ్చారు. మద్దెల వంశవృక్షం కొమ్మ ఒకటి మన పెరట్లోకీ వంగింది.

హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఈ సందర్భంలో ఎత్తకూడదు, లెక్క చెడుతుంది. ఆయన సిటీ పోలీసు జట్టుకు, దేశానికి ఏకకాలంలో కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1963లో క్యాన్సర్‌తో పోయేదాకా ఆ జట్టును ఆయన వదలలేదు, ఆయనను జట్టూ వదలలేదు. అద్దె వ్యాపారానికి ఇటువంటివాళ్ళు పనికిరారు.

ఈ వ్యాసం ఇక్కడ ఆపి సంఘం సమావేశానికి వెళ్ళాలి. నాలుగో వాచ్‌మన్‌ను నిన్ననే ఖాయం చేశాం. ఇదివరకు ఏడు అపార్ట్‌మెంట్లలో పనిచేశాడట, మంచి అనుభవం. సోమవారం నుంచి వస్తాడు. ఎంపిక సంఘంలో నేనూ ఉన్నాను. బోరు ఎండిపోయి రెండేళ్ళయిందని ఎవరో అనబోయారు గాని, అది ఈ సమావేశంలో చర్చించవలసిన అంశాల జాబితాలో లేదు.