ముందు గోత్రం, తర్వాతే కరెంటు

మూడేళ్లు కాపురం చేశాక నా లాప్‌టాప్‌కు తన అడాప్టరు మీద అనుమానం పుట్టింది. రెండూ ఒకే డబ్బాలో వచ్చినవే, ఒకే కంపెనీ బిడ్డలే. ఓ రాత్రి ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో నోటీసు: "అడాప్టరు ఏ రకమో తెలియడం లేదు. బ్యాటరీ ఛార్జ్ చేయబడదు."

మల్టీమీటరు పెట్టి చూశాను. 19.5 వోల్టులు, నిండుగా వస్తున్నాయి. లాప్‌టాప్ ఆ కరెంటుతోనే నడుస్తోంది కూడా. తాను తింటోంది గానీ చంటిదానికి మాత్రం పెట్టనంటోంది.

కారణం ఏమిటా అని వెతికితే అడాప్టరు మూతి నడిమధ్య సూదిలాంటి పిన్ను ఒకటి కనిపించింది. కరెంటు మోసే పని దానిది కాదు, గోత్రం చెప్పే పని. అడాప్టరు లోపలున్న బుల్లి చిప్ నుంచి వెంట్రుకంత తీగ దాని దాకా వస్తుంది. వైరు రోజూ మడతపడే చోట ఆ తీగ తెగింది. కరెంటు తీగలు రెండూ బంగారంలా ఉన్నాయి. ప్రవర చదివేది మూగబోయింది, అంతే. పోషించినవాడు పరాయివాడైపోయాడు.

నాది పాతకాలపు చిప్ కాబట్టి ప్రవర చదివితే చాలనుకునేది. ఇప్పటి బ్యాటరీల్లో చాలావాటికి పరికరం ప్రవేశపరీక్షే పెడుతుంది, "మీ భద్రత కోసమే" అంటూ.

"ఎవరు?"

"మనవాణ్నే."

"అందరూ అదే అంటారు. ఇదిగో, ఇప్పుడే పుట్టిన అంకె. మన ఇంటి రహస్యం కలిపి రుబ్బి, వచ్చిన ముద్ద పట్రా."

ఆ రోలు పేరు షా-256, అంకెల్ని మళ్లీ విడదీయలేనట్టు కలిపేసే గణిత సూత్రం. చిప్ ఒక పక్క రుబ్బుతుంటే పరికరం తన రోట్లో తాను రుబ్బుకుంటుంది. రెండు ముద్దలూ ఒకటైతేనే తలుపు తీస్తారు. ప్రతిసారీ కొత్త అంకె కాబట్టి నిన్నటి జవాబు కాపీ కొట్టినవాడికి ఇవాళ పనికిరాదు. ముద్దను చూసి రహస్యం కనిపెడదామా అంటే, రుబ్బిన పిండిలోంచి గింజలు ఏరడమే. ఎలిప్టిక్ కర్వుల గణితం తెలిసిన ఘనాపాఠీలు ఇంకా ఉన్నారు. వాళ్ల పద్ధతిలో పరికరం దగ్గర రహస్యం దాచాల్సిన పని కూడా లేదు, పబ్లిక్ కీ, అంటే ఎవరు చూసినా ఫరవాలేని తాళంచెవి, ఉంటే చాలు. ఇంత పాండిత్యమూ ఆవగింజంత చిప్‌లో, ఒకే తీగ మీద. మాటా ఆ తీగ మీదే, చిప్‌కు కావలసిన కరెంటూ దాని మీదే. వేలల్లో కొంటే చిల్లర డబ్బులకే వస్తుందని అమ్మేవాళ్లు మురిసిపోతూ చెబుతారు. నిజమే, చవకే. వాళ్లకి.

ఇంత పరీక్షలో ఒక్క ప్రశ్న మాత్రం ఉండదు: నీ కడుపులో ఏముంది? అందుకే అసలు బ్యాటరీ ప్యాక్ చచ్చాక దాని చిప్ పీకి నకిలీ ప్యాక్‌లో అతికిస్తే చాలాచోట్ల నూటికి నూరు మార్కులు. ఇంటిదొంగను ఈశ్వరుడే పట్టలేడంటే షా-256 ఏపాటిది?

ఈ కాపలాదార్లు బాగా పేరు మోసింది ఎక్కడో తెలుసుగా, ప్రింటర్లలో. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని అంతవరకు చక్కగా వాడుకున్న బయటి కంపెనీల ఇంకు కార్ట్రిడ్జులను ఉన్నట్టుండి వెలివేశాయి. నాదో చిన్న సందేహం. ఇంకు పేలి ఎవరి చెయ్యన్నా కాలిందా?

నాకు మరీ ఇష్టమైన ఘట్టం 2022 జనవరి నాటిది. లోకమంతా చిప్‌ల కరువు. కానన్ తన టోనర్ కార్ట్రిడ్జులు కొన్నింటిని చిప్ లేకుండానే పంపాల్సి వచ్చింది. కానన్ ప్రింటర్లు కానన్ సరుకును చూసి ముఖం తిప్పుకున్నాయి. హెచ్చరిక వస్తే కంగారుపడకండి, 'సరే' అని నొక్కి ముందుకు సాగండి, అచ్చు నాణ్యతకు ఢోకా లేదు అని జర్మనీలో ఆ కంపెనీయే జనానికి చెప్పుకుంది. ఆ ఇంటి గుమ్మంలో ఏం జరిగి ఉంటుందో ఊహించండి.

"వాడు మనవాడేరా, లోపలికి రానియ్!"

"ఎవరినీ నమ్మొద్దని తమరేగా చెప్పారయ్యా."

"ఈ ఒక్కసారికి కళ్లు మూసుకో."

"మూసుకుంటే పక్కింటివాడు కూడా దూరతాడయ్యా."

"వాణ్ని రానిచ్చావో, నీ ఉద్యోగం ఊడుతుంది."

"మరి ఎవరు ఎవరో ఎలా గుర్తుపట్టను?"

"అదీ... చిప్‌లు వచ్చాక చూద్దాం."

చిప్ లేకున్నా అచ్చు బాగానే పడుతుందని తయారుచేసినవాడి నోటే వచ్చింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సరే, నిజంగా కాలే సరుకు సంగతి చూద్దాం. 18650 అని ఒక లిథియం సెల్ ఉంది. పేరులోనే కొలతలున్నాయి, 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. ఆ గొట్టంలో ఎంత పేరున్నవాడు కూరినా 3500 మిల్లీయాంపియర్ అవర్లకు అటూఇటూగానే పడుతుంది. నకిలీవాడు 9900 అని అచ్చేస్తాడు. పైతొడుగు బ్లేడుతో కోసి చూస్తే లోపల ఎవరో పారేసిన లాప్‌టాప్ ప్యాక్‌లోంచి పీకిన ముసలి సెల్. కొన్నింటిలో అదీ ఉండదు, చిన్న సెల్ పెట్టి చుట్టూ ఏదో పొడి కూరతారు. నకిలీ ప్యాకుల్లోనూ ఇదే కథ. సెల్ 4.2 వోల్టులు దాటకుండా, షార్టు అయితే మండకుండా ఆపే రక్షణ సర్క్యూట్‌కు అక్కడ ఎగనామం పెడతారు. ఆ విడి సెల్‌ను ఏ చిప్పూ అడ్డుకోదు. టార్చిలైటు గోత్రం అడగదు కదా.

చిప్ ఉన్నచోటైనా అది ఎవరితో మాట్లాడుతుంది? పరికరంతో. కొనేవాడితో కాదు. కౌంటరు ముందు డబ్బు చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు "నువ్వు అసలుదానివేనా" అని అడిగే దారి అతనికి లేదు. డబ్బు పోయాక, ఇంటికెళ్లి తగిలించాక అప్పుడు చెబుతారు, ఇది నకిలీ అని. అమ్మినవాడు హాయిగా ఉంటాడు, పని ఆగేది మోసపోయినవాడిది. దొంగను వదిలేసి సొమ్ము పోగొట్టుకున్నవాడికి సంకెళ్లు వేసి, పైగా దానికి "మీ భద్రత కోసమే" అని పేరు! భద్రతే కావాలంటే ఆ ప్రశ్న అడిగే హక్కు నాకివ్వండి, కొనకముందు. ఇవ్వరు. వాళ్లకు కావలసింది నా చెయ్యి కాలకపోవడం కాదు, నా చెయ్యి ఇంకొకడి జేబు వైపు పోకపోవడం.

గోత్రం మంచిదైతే కాలదా అంటే, 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలింది నకిలీ బ్యాటరీలతో కాదు. మొదటి విడతలోనే సుమారు 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచారు. ఇద్దరు సరఫరాదారుల బ్యాటరీల్లోనూ లోపాలున్నాయని 2017 జనవరిలో శామ్‌సంగే చెప్పింది. అన్నీ సద్వంశ సంజాతులే.

సరిపోయే బ్యాటరీ వేసుకుంటే సాఫ్ట్‌వేర్ అడ్డుపడకూడదని ఐరోపా సమాఖ్య 2023 నాటి బ్యాటరీ నిబంధనల్లో రాసుకుంది. అమలు 2027 ఫిబ్రవరి నుంచి. నా పని అప్పటిదాకా ఆగదు కాబట్టి అడాప్టరు వైరు కోసి, తెగిన ఆ వెంట్రుకను నేనే సోల్డర్ చేశాను. నాకు సోల్డరింగ్ రాదు. రెండు చోట్ల వైరు తొడుగు కూడా కరిగించాను, ఆ గాయాల మీద టేపు చుట్టాను. తగిలించాను. చిప్ ప్రవర చదివింది, లాప్‌టాప్ పొంగిపోయింది, ఛార్జ్ ఎక్కుతోంది. అతికించిన చోట వైరు వేడెక్కుతోంది, వేలు పెడితే చుర్రుమంటోంది. దాని గురించి లాప్‌టాప్ ఇంతవరకు ఏమీ అడగలేదు.