బిడ్డ తిండికి తండ్రి సమ్మతి కావాలా?

"నేను వద్దన్నాను. ఆమే ఉంచుకుంది. నేనెందుకు కట్టాలి?" మనోవర్తి కేసుల్లో, అంతకంటే ముందు ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీలో, ఈ మాట ఏదో ఒక రూపంలో వినపడుతూనే ఉంటుంది. 2006లో అమెరికాలోని మిషిగన్ యువకుడొకడు ఇదే వాదనతో ఫెడరల్ కోర్టుకెక్కాడు. గర్భం ఉంచుకోవడం స్త్రీ ఇష్టమైనప్పుడు, తండ్రి బాధ్యత తీసుకోవడం కూడా మగవాడి ఇష్టం కావాలన్నాడు. 2007లో అప్పీలు కోర్టు కూడా ఒప్పుకోలేదు.

ఆ వాదనలో కొంత నిజముంది. గర్భం నిలిచాక నిర్ణయం ఆమెదే. మన చట్టం ప్రకారం గర్భస్రావానికి వయసొచ్చిన స్త్రీ సమ్మతి చాలు. 24 వారాల వరకు ఉన్న అవకాశం పెళ్లికాని వారికీ వర్తిస్తుందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. మగవాడికి అందులో మాట లేదు, ఉండకూడదు కూడా. మోసేదీ కనేదీ ఆమె. కానీ అతడికి ఏ దశలోనూ నిర్ణయం లేదంటే ఎలా? గర్భం రాకుండా చూసుకోవడం అతడి చేతిలోనూ ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: దేశంలో పెళ్లయిన స్త్రీలలో 37.9 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మీద ఆధారపడితే, మగవాళ్లు చేయించుకున్న ఆపరేషన్ల వాటా 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఆడవాళ్ల వాటా సుమారు 70 శాతం. గర్భం రాకుండా చూసుకునే భారమంతా ఆమె ఒంటి మీదే పెట్టి, వచ్చాక "నన్నడగలేదు" అనడం నాకు న్యాయంగా తోచదు.

అసలు ఆ డబ్బు తల్లిది కాదు. అతణ్ని శిక్షించడానికి వేసే జరిమానా అంతకన్నా కాదు. పుట్టిన బిడ్డ పాలకీ, బడి ఫీజుకీ, జ్వరమొస్తే మందుకీ. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్, తల్లిదండ్రులకు పెళ్లయిందా లేదా అని చూడవు. ఆ సెక్షన్లలో "అక్రమ సంతానం" అనే మాట మాత్రం ఇంకా ఉంది. పుట్టడంలో బిడ్డ చేసిన అక్రమం ఏమిటో నాకెప్పటికీ అర్థం కాదు. పంచాయితీలో ఇంత అని ముట్టజెప్పి కాగితం రాయించుకున్నా, తల్లి ఆ కాగితంతో బిడ్డ హక్కును వదులుకోవడానికి వీల్లేదని కోర్టులు చెబుతూ వచ్చాయి.

బిడ్డ తనది కాదని నిజంగా నమ్మే మగవాడి మాట వేరు. అతడికి దారి ఉండాలి, ఉంది కూడా. పెళ్లిలో పుట్టిన బిడ్డ భర్తదేనన్న చట్టపు ఊహ కంటే డీఎన్‌ఏ ఫలితానికే విలువ ఎక్కువని 2014లో ఒక మనోవర్తి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అదే పరీక్షను తప్పించుకునే తండ్రులూ ఉంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా చేసిన ఎన్.డి. తివారీ తన తండ్రేనని ఒక యువకుడు 2008లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, రక్తం ఇవ్వకుండా ఆయన సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2012 జులైలో గానీ ఫలితం బయటపడలేదు. చదువూ పట్టుదలా ఉన్న కొడుక్కే నాలుగేళ్లు పడితే, చంకలో బిడ్డతో మండల కేంద్రం నుంచి బస్సెక్కి వాయిదాకు వచ్చే పిల్ల పరిస్థితి ఏమిటి?

నా దృష్టిలో అసలు అన్యాయం ఇక్కడుంది. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర మనోవర్తి తేల్చాలని చట్టం చెబుతుంది. దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్క కట్టాలని, ఇద్దరూ ఆస్తులూ ఆదాయాలూ అఫిడవిట్‌లో చూపాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తల్లికీ తగిన సంపాదన ఉంటే పిల్లల ఖర్చు దామాషాగా పంచుకోవచ్చని కూడా అంది. ఆ మాట మగవాళ్లకూ న్యాయం చేసేదే. కానీ అతడు కట్టకపోతే మళ్లీ దరఖాస్తు పెట్టాల్సింది ఆమే. బాకీ పడిన ఏడాదిలోపు అడగకపోతే ఆ మొత్తం వసూలుకు వారెంటే రాదు. ఎగ్గొట్టేవాడికి కాలమే కలిసొస్తుంది.

జర్మనీలో 1980 నుంచి మనోవర్తి అందని పిల్లలకు ప్రభుత్వమే ముందుగా డబ్బిస్తోంది, తర్వాత తండ్రి నుంచో తల్లి నుంచో వసూలు చేసుకుంటుంది. 2017 నుంచి అది 18 ఏళ్లు వచ్చేదాకా అందుతోంది. తెలంగాణ కూడా 2017లో ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టింది. అయితే అది బిడ్డ పేరు మీద ఇచ్చేదీ కాదు, తండ్రి దగ్గర తిరిగి రాబట్టేదీ కాదు. కోర్టు ఆర్డరు చేతిలో ఉన్న బిడ్డకైనా నెలనెలా ప్రభుత్వం చెల్లించి, బాకీని తండ్రి జీతం నుంచో భూమి నుంచో రాబట్టాలి. ముందుగా, బాకీ అడగడానికున్న ఆ ఏడాది గడువును పిల్లల కేసుల్లో ఎత్తేయాలి.