డెల్టాలో గజం ధర వేరు, అద్దె వేరు

భీమవరంలోనో అమలాపురంలోనో స్థలాల రేట్ల మాటెత్తితే చాలు, "వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లొచ్చి పెంచేశారండి" అంటారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో లాప్‌టాప్‌లు పట్టుకుని సొంతూళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల మీద పడిన నింద ఇది. ఇప్పటికీ పోలేదు. నాకైతే ఇందులో సగమే నిజం కనిపిస్తుంది.

అమెరికాలో ఆ మాటకు లెక్క ఉంది. 2019 చివరి నుంచి రెండేళ్లలో అక్కడ ఇళ్ల ధరలు 23.8 శాతం పెరిగితే, అందులో సగానికి పైగా ఇంటి నుంచి పని వల్లేనని మాండ్రాగాన్, వీలాండ్ అనే ఆర్థికవేత్తలు 2022లో తేల్చారు. ఇంట్లోనే ఆఫీసు పెట్టుకోవాలంటే ఇంకో గది కావాలి, దానికోసం పెద్ద ఇంటికి మారాలి. గోదావరి జిల్లాల్లో ఈ వాదన అతకదు. తిరిగొచ్చిన కుర్రాడికి చాలాసార్లు నాన్న కట్టించిన డాబా ఉంటుంది. మేడ మీద ఒక గది వేయించి, ఏసీ, ఇన్వర్టర్, ఫైబర్ కనెక్షన్ పెట్టించుకుంటే సరిపోతుంది. దాంతో తాపీమేస్త్రికి పని దొరుకుతుంది కానీ, ఊరి చివర లేఅవుట్‌లో గజం రేటు ఎందుకు పెరుగుతుంది?

స్థలాల మీదకు వచ్చింది వేరే డబ్బు. రొయ్యల చెరువుల్లో మిగిలింది, గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో భీమవరం, అమలాపురం జిల్లా కేంద్రాలయ్యాక ఆశ కూడా తోడైంది. పైగా డెల్టాలో ఊరు పెరగాలంటే పంట చేలోకే పెరగాలి, బంజరు ఎక్కడుంది? వరో రొయ్యో పండుతున్న భూమిని రైతు చవగ్గా ఎందుకిస్తాడు? కొన్నాక టిప్పర్ల కొద్దీ మట్టి తోలి మెరక చేయాలి. ఆ ఖర్చంతా గజం ధరలోకే ఎక్కుతుంది. ఇల్లు కట్టే ఉద్దేశమే లేకుండా కొన్న ప్లాట్లలో సర్వే రాళ్లూ పిచ్చిమొక్కలే మిగులుతాయి.

ఇంటి నుంచి పని ప్రభావం చూడాలంటే అద్దెలు చూడాలి. స్థలాన్ని ఆశతో కొనొచ్చు, అద్దె మాత్రం ఉండేవాడే కడతాడు. వేరే గేటు, కారు పెట్టుకునే చోటు, మంచి నెట్ ఉన్న పోర్షన్‌కు హైదరాబాద్ జీతం ఉన్న జంట అడిగినంత ఇస్తుంది. అలాంటి పోర్షన్లు ఊళ్లో కొన్నే. అదే వీధిలో ఉండే ప్రైవేటు స్కూలు టీచరో నర్సో ఆ పోటీలో నెగ్గలేరు. స్థలం కొనే ఆలోచనే లేనివాళ్లకు అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది. కానీ దీన్ని కొలిచేవాళ్లేరీ? అద్దెల మాట అటుంచి, నేషనల్ హౌసింగ్ బ్యాంకు 50 నగరాలకిచ్చే ఇళ్ల ధరల సూచీ రెసిడెక్స్‌లోనే విశాఖ, విజయవాడ ఉన్నాయి, భీమవరం, అమలాపురం లేవు. బ్రోకరు చెప్పిందే రేటు.

ఇక హైబ్రిడ్ సంగతి. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటే అమెరికాలో శివార్లకు మారతారు. కాకినాడ హైదరాబాద్‌కు శివారు కాదు, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి ప్రయాణం. కాబట్టి హైబ్రిడ్ ఉద్యోగి అద్దె హైదరాబాద్‌లోనే కడతాడు, పండక్కి ఊరొస్తాడు. డెల్టాలో నిలబడేది పూర్తిగా ఇంటి నుంచి పని చేసేవాళ్లే. వాళ్లు తక్కువ. "ఐటీ వాళ్లంతా వెనక్కి వచ్చేస్తున్నారు" అని బ్రోషర్ వేసి ప్లాట్లు అమ్మేవాళ్లను అందుకే నమ్మను.

ఊరూరా కో-వర్కింగ్ కేంద్రాలంటూ, అంటే ఎవరి కంపెనీ పని వాళ్లు చేసుకునే ఉమ్మడి ఆఫీసులంటూ ప్రభుత్వం మాట్లాడుతోంది. మంచిదే. ఏసీ హాలు కట్టడం తేలిక. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక ఊరంతా మంచినీటి చెరువు మీదే బతకాలి, వానాకాలంలో మురుగు డ్రెయిన్లు దాటి వీధుల్లోకి వస్తుంది. మున్సిపాలిటీలు ముందు ఈ రెండూ చూసి, కొత్త లేఅవుట్ల కంటే ఊళ్లోనే అద్దెకిచ్చే రెండో అంతస్తులకు అనుమతులు సులువు చేస్తే టీచరుకూ నర్సుకూ పోర్షన్ దొరుకుతుంది.