మహారాజశ్రీ కటాఫ్ మార్కు గారికి

పర్లాకిమిడి నుంచి ఓ మేనమామ రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఏటేటా పైపైకి పోతున్నారని విని సంతోషించాం. 2021లో ఢిల్లీలో కొన్ని కాలేజీల్లో నూటికి నూరు దాకా ఎక్కారట కదా! ఆపైన మెట్లు లేవు కాబట్టి 2022లో అక్కడ మీ కుర్చీని ఎంట్రన్సు పరీక్షకి అప్పగించారు. మా ఒడిశా డిగ్రీ కాలేజీల్లో మాత్రం మీకింకా ఆ చిక్కు రాలేదు.

మొన్న సామ్స్ (మా ఒడిశాలో కాలేజీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పద్ధతి) లిస్టు వచ్చింది. మా మేనకోడలు ఫిజిక్స్ ఆనర్సుకి పెట్టింది. నెట్ సెంటర్ కుర్రాడు లిస్టుని కింద దాకా లాగి, మళ్లీ పైకి లాగి, "అర పర్సెంట్లో పోనాది మావా" అన్నాడు.

ఆ అర పర్సెంట్లో ఏముందో తమకు తెలియదు కదా, చెప్తాను. దానికి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ప్లస్ టూ సైన్సుకొచ్చేసరికి పుస్తకాలన్నీ ఇంగ్లీషు. లెక్క చిటికెలో చేస్తుంది. ప్రశ్న ఏమడుగుతోందో తేల్చుకోవడానికే సగం టైము పోతుంది.

మార్కులకీ తర్వాతి చదువుకీ సంబంధమే లేదని నేననను. ఉంది. ఆ సంబంధాన్ని కొలిచే లెక్కలో (సున్నా వస్తే ఏమీ లేనట్టు, ఒకటి వస్తే పూర్తిగా ఉన్నట్టు) 0.5 వచ్చిందే అనుకుందాం, పెద్ద అంకెలాగే కనిపిస్తుంది. అయినా ఆ అంకెని దాంతోనే గుణించి చూడాలి, అంటే పిల్లల ఫలితాల్లో తేడాలకి అది చెప్పే కారణం పావు వంతే. మిగతా ముప్పావు గురించి తమరెప్పుడూ నోరు విప్పలేదు. పైగా తమరు గేటు బయట ఆపేసినవాళ్లు లోపలికొస్తే ఎలా చదివేవారో చెప్పే రికార్డే ఉండదు. రానిచ్చినవాళ్ల రిజల్టు చూపించి మీకు మీరే సర్టిఫికెట్ ఇచ్చుకుంటారు. (తమకూ కొంత అన్యాయం జరుగుతోంది లెండి. లోపలున్నవాళ్లంతా ఇంచుమించు ఒకే మార్కులవాళ్లు కాబట్టి, వాళ్లలోనే చూస్తే మీ జోస్యం ఉన్నదానికంటే బలహీనంగా తేలుతుంది.)

ఇంగ్లండులో యూనివర్సిటీలకి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ 2014లో ఇలాంటి లెక్కే తీసింది. ఒకే మార్కులతో చేరినవాళ్లలో ప్రైవేటు స్కూళ్ల పిల్లలకంటే సర్కారు బళ్ల పిల్లలే డిగ్రీలో మెరుగ్గా నెగ్గుకొచ్చారు. వాళ్లు మీ మాట వింటూనే, పిల్ల ఏ బడి నుంచి వచ్చిందో కూడా అడిగారు. తమరు అడగరు.

పదవి దిగిపొమ్మనట్లేదు. సీట్లు కొన్నే, అప్లికేషన్లు బోలెడు, గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. రెండో లిస్టుకి మాత్రం కాస్త కిందికి దిగండి. ఇంట్లో అందరికీ టెన్షనే.

ఇట్లు,
ఓ మేనమామ

తా.క.: అదే కాలేజీలో బోటనీ ఆనర్సు లిస్టులో మా పిల్ల పేరు మొదటి పేజీలోనే ఉంది. దానికి బోటనీ అంటే పడదు.