పడక ఎక్కితేనే వైద్యమా?
ఆందోళన రుగ్మత ముదిరితే ఆసుపత్రిలో చేర్చడం తప్ప దారి లేదని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాటతో ఏకీభవించలేను. ప్రాణాపాయం ఉన్నవారి సంగతి వేరు, వారిని చేర్చడమే క్షేమం. అమెరికాలో ఉంటున్న మా చెల్లెలు వారానికి మూడు రోజులు, రోజుకు మూడు గంటల చొప్పున ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్ చికిత్సకు, అంటే ఆసుపత్రిలో చేరకుండా ఇంటి నుంచే తీసుకునే ముమ్మర చికిత్సకు, వెళ్లి వచ్చేది. రాత్రికి పిల్లల పక్కనే పడుకునేది. లిఫ్టు ఎక్కాలంటే వణికిపోయే మనిషి. అక్కడ మొదట్లో తలుపు తెరిచిన లిఫ్టు ముందు ఊరికే నిలబడటమే పాఠం, తరువాత ఒక అంతస్తు, ఆపై రెండు. రోగులంతా కలిసి కూర్చునే గ్రూపు చికిత్సలో కొత్తవాళ్ల ఎదుట మాట్లాడటం మాత్రం చివరిదాకా ఇబ్బందే అనేది. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంది. అయినా ఇక్కడ మా నాన్న కౌన్సెలింగ్ ఖర్చంతా జేబులోంచే పెట్టుకున్నాం, ఆసుపత్రిలో చేరలేదు కనుక పాలసీ వర్తించదట!