లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర వెలిగిన ఎర్ర లైటు గారికి

మహారాజశ్రీ ఆయిల్ లైటు గారి దివ్య సముఖమునకు, పోయిన శనివారం మధ్యాహ్నం రెండింటికి లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి, చొక్కా వీపుకి అతుక్కుపోయి, తమరు కొలువున్న బండిని తోసుకుంటూ పోయిన అభాగ్యుడు నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేము క్షేమంగా లేము. అచ్చట, అనగా స్పీడోమీటరు కింద ఆ గాజు వెనకాల, తమరు క్షేమమని తలుస్తాను.

మీరు వెలిగారు, నేను ఇంజన్ ఆపేశాను. అంతవరకు ఇద్దరి తప్పూ లేదు. ఆయిల్ లైటు వెలిగితే ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకున్నవాళ్లకి ఇల్లు రాకముందే బేరింగులు అరిగి చేతికొస్తాయని నాకు తెలుసు. కానీ తోసేటప్పుడు పక్కనుంచి పోయే ప్రతివాడూ అడిగే ప్రశ్నకి జవాబు మాత్రం తెలియదు. "పెట్రోల్ అయిపోయిందా అన్నా?" ఆటో ఆయన అడిగాడు. సోడా బండి ఆయన అడిగాడు. పార్సిల్ సంచీ వేసుకున్న కుర్రాడొకడు అడిగి, పాపం, వెనక ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి రవీంద్రభారతి దాకా తోశాడు కూడా. లేదు తమ్ముడూ, ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగింది అంటే, "అంటే పెట్రోల్ ఉందా?" అన్నాడు. అక్కణ్ణుంచి నారాయణగూడ దాకా నేనూ, నా బండీ, మే నెల ఎండా.

అయ్యా, మీమీద నా ఫిర్యాదు ఒక్కటే. మీరు ఎంత అని ఎప్పుడూ చెప్పరు.

మీ వెనకాల ఉన్నదేమిటో నాకు తెలుసు. ఇంజన్‌కి బిగించిన బొటనవేలంత స్విచ్చి, దానికి ఒకే ఒక్క వైరు. ప్రెషర్ లేకపోతే ఆ వైరుని ఇంజన్ బాడీకి కలుపుతుంది, మీరు వెలుగుతారు. కాస్త ప్రెషర్ రాగానే విడదీస్తుంది, ఆరిపోతారు. ఆ కాస్త ఎంతయ్యా అంటే చాలా బళ్లలో చదరపు సెంటీమీటరుకి అర కేజీకి లోపే, చదరపు అంగుళానికి పౌండ్లలో చెప్తే ఏడు కూడా ఉండదు. టైర్లో గాలే 28 కొట్టిస్తాం. అంటే బండి పరుగు మీదున్నప్పుడు 60 ఉండాల్సినచోట 10 ఉన్నా మీ లెక్కలో అంతా బాగున్నట్టే. ఎన్ని మార్కులొచ్చాయిరా అంటే "పాసయ్యా" అని జారుకునే పిల్లాడు గుర్తొస్తాడు మిమ్మల్ని చూస్తే. ఫెయిలైతే మాత్రం నడిరోడ్డు మీద, పదిమంది ముందు, ఎర్రగా.

పెట్రోల్ మీటరు కూడా అబద్ధాలే చెప్తుంది కానీ కనీసం ఒక ముల్లు ఊపుతూ చెప్తుంది.

సరే, మూడు వారాల కిందటికి వద్దాం. సిగ్నల్లో ఆగినప్పుడు మీరు మొదటిసారి కన్ను కొట్టారు, ఏదో భ్రమేమో అనుకున్నాను. రెండోసారి కొట్టారు. మా వీధి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. "లైట్ వస్తుందా? ఏం కాదు సార్, పెట్టిపోండి, సాయంత్రం తీస్కపోండి" అన్నాడు. సాయంత్రం వెళ్తే "సెట్ అయింది సార్, మూడు వందల యాభై" అన్నాడు. నిజంగానే మీరు ఆ తర్వాత కనపడలేదు. పదకొండు రోజులు మహదానందంగా తిరిగాను. శామీర్‌పేట దాకా వెళ్లి చెరువు చూసి, టీ తాగి వచ్చాను. పాత బండంటే ఇదీ, చేయి తిరిగినవాడికిస్తే చాలు అని ఆఫీసులో ఉపన్యాసం కూడా ఇచ్చాను.

పన్నెండో రోజు అపార్ట్‌మెంట్ కింద చీకట్లో తాళం తిప్పాను. న్యూట్రల్ పచ్చ లైటు వెలిగింది. మీరు వెలగలేదు.

తాళం తిప్పగానే, ఇంజన్ ఇంకా అందుకోకముందే మీరు వెలగాలి. అది మీ హాజరు. అప్పుడు వెలగనివారు దారిలో ఏం వెలుగుతారు? ఫోన్ టార్చి వేసుకుని ఇంజన్ పక్కన బోర్లా పడుకుని చూస్తే, స్విచ్చి నుంచి పీకేసిన వైరు. దాన్ని మడిచి, నల్ల టేపు చుట్టి, ఫ్రేముకి కట్టి, ఆ చుట్టడం కూడా ఎంత శ్రద్ధగా, పండక్కి గిఫ్టు ప్యాక్ చేసినట్టు! ఇంజన్ పని ఒక్కటీ చేయలేదు. ఇల్లు కాలుతోందని అరిచినవాడి నోట్లో గుడ్డలు కుక్కి, మంటలార్పినట్టు బిల్లు వేశాడు. ఆ పదకొండు రోజుల్లో నువ్వు లోపల ఎన్నిసార్లు అరవాలని చూశావో, శామీర్‌పేట దారిలో నేను ఈల వేసుకుంటూ ఎంత స్పీడులో వెళ్లానో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో చేయి పెట్టి దేవినట్టుంటుంది.

(మీరు కాస్తా నువ్వయ్యావు, గమనించే ఉంటావు. ఇక మర్యాదలు వద్దు.)

వైరు మళ్లీ తగిలించిన మూడో రోజే లక్డీకాపూల్. అక్కణ్ణుంచి తోసుకొచ్చాక, సాయంత్రం రెండో మెకానిక్‌ని ఇంటికే పిలిపించాను, పాత బళ్లలో దిట్ట అని పేరు. ఆయన స్టార్ట్ చేయించి, స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. నేనూ ఊపిరి బిగబట్టాను. అర నిమిషం తర్వాత కళ్లు తెరిచి "షెల్స్ పోయినయ్. ఇంజన్ ఖోల్నా పడ్తా" అన్నాడు, అంటే ఇంజన్ లోపలి ఇరుసు (క్రాంకు) తిరిగే చోట ఉండే బేరింగు రేకులు అరిగిపోయాయి, ఇంజన్ విప్పాలి అని. ఎంతవుతుంది అంటే ఇరవై రెండు వేల నుంచి మొదలన్నాడు. ప్రెషర్ కొలిచి చూద్దామా అన్నాను. నావైపు చూసిన చూపు ఉంది చూడు, పెళ్లిచూపుల్లో పిల్ల జీతం అడిగినట్టు. "ఇరవై అయిదేండ్ల సంది చూస్తున్న సార్, చెవి పెడితే తెల్వదా?"

తెలియదు! చెవికి చప్పుడు తెలుస్తుంది, ప్రెషర్ ఎంతో ఎలా తెలుస్తుంది? జ్వరమొస్తే థర్మామీటరు పెడతారు, బీపీకి పట్టీ కడతారు, కాయగూరల బండివాడు కూడా కాటా మీద వేసి ఇస్తాడు. ఇరవై రెండు వేల రూపాయల పనికి మాత్రం ఒక స్క్రూడ్రైవర్, ఒక చెవి. దీనికి సగం పాపం నీదే. నువ్వో అంకె చెప్పి ఉంటే ఆయన చెవితో నాకేం పని?

ఇంట్లోవాళ్ల వైద్యాలు వేరే. మా ఆవిడ ఆ లైటు మీద బొట్టుబిళ్ల అంటించమంది. ఆఫీసులో ఒకాయన డబ్బాలో వచ్చే చిక్కటి మందు పోయమన్నాడు, మన బళ్లలో క్లచ్చి కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటుందని, ఆ మందు పడితే ప్లేట్లు జారతాయని ఆయనకెవరు చెప్తారు. బండి అసలు యజమాని మా మేనమామ ఫోన్లో "నా దగ్గరున్న ఇరవై ఏళ్లలో ఒక్కసారి వెలగలేదురా అది" అని మొదలుపెట్టి, "రాత్రిపూట పెట్రోల్ కాక్ ఆఫ్ చేస్తున్నావా?" అని ముగించాడు, ట్యాంకు కింద పెట్రోలుని కట్టేసే కుళాయి అది. ఆ చేస్తున్నాలే మామయ్యా అన్నాను. గ్యాస్ కట్టేశావా, గీజర్ ఆపావా, గేటు వేశావా, ఆ వరుసలో ఇదొకటి అనుకున్నాను.

ఆదివారం రాణిగంజ్‌లో షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి సోమవారం సెలవు పెట్టి గేజి కొనడానికి వెళ్లాను. గేజి దొరకడం తేలిక. సున్నా నుంచి పది కేజీల దాకా అంకెలున్న ఇత్తడి గేజి. "నీళ్లకా, గాలికా?" అన్నాడు కొట్టాయన. బైకుకి అన్నాను. ఆయన నాలుగు సెకన్లు మౌనం పాటించాడు. అసలు గొడవ మరలతో వచ్చింది. నీ స్విచ్చి ఉండే రంధ్రం ఒకటి బై ఎనిమిది అంగుళం, గేజి గొట్టం కూడా ఒకటి బై ఎనిమిదే, కానీ ఒకటి బై ఎనిమిదిలో రెండు కులాలున్నాయి. బ్రిటిష్ పద్ధతి బీఎస్‌పీకి అంగుళానికి 28 మరలు, అమెరికా పద్ధతి ఎన్‌పీటీకి 27. ఒక్క మర తేడా. చూడ్డానికి కవలలే, రెండు చుట్లు సంతోషంగా తిరుగుతుంది, తర్వాత పట్టేస్తుంది. అక్కడ "కొంచెం టైట్‌గుంది అంతే" అని పానా వేసి తిప్పితే అల్యూమినియం కేసింగ్ పగిలి, అప్పుడు నిజంగానే ఇంజన్ ఖోల్నా పడ్తా. పాత స్విచ్చిని జేబులో వేసుకుని నాలుగు కొట్లు తిరిగాను. మొదటి మూడు కొట్లలోనూ "అదే ఇది, పడుతుంది సార్" అన్నారు. నాలుగో కొట్లో ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, మరలమీద గోరు పెట్టి లెక్కపెట్టినట్టు చూసి, లోపల్నుంచి అరవై రూపాయల ఇత్తడి ముక్క తెచ్చి ఇచ్చాడు. ఈ నగరంలో కొలిచి చూసిన మొదటి మనిషి ఆయనే. కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

సాయంత్రం నిన్ను పక్కన పడేసి నీ చోట్లో గేజి బిగించి, సెంటర్ స్టాండ్ వేసి, గాలిమీద చల్లబడే ఇంజన్ కదా అని ఇంట్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి ముందు పెట్టి, స్టార్ట్ చేశాను. చల్లగా ఉన్నప్పుడు నాలుగు కేజీలు. వేడెక్కేకొద్దీ ముల్లు దిగడం మొదలైంది. రెండు, ఒకటి, ఐడిల్లో పావు కేజీ దగ్గర వణుకుతూ నిలబడింది. రేసిస్తే పెరుగుతోంది కానీ పుస్తకంలో అడిగినదాంట్లో సగం కూడా లేదు. వెంటనే ఆపేశాను. అంటే నువ్వు అబద్ధం చెప్పలేదు. స్విచ్చి పోయిందనో, వైరు ఎక్కడో ఫ్రేముకి తగులుతోందనో తేలితే ఆ బొటనవేలంత ముక్క మార్చి చేతులు దులుపుకుందామనుకున్నాను, ఆ ఆశా పోయింది.

ఇక్కడ కాసేపు కూర్చుని ఆలోచించాను, పార్కింగులో, ఫ్యాను గాలికి. పంపు ఆయిల్‌ని తోస్తుంది, అంతే దాని పని. బేరింగుల సందుల్లోంచి దూరడానికి ఆయిల్ కష్టపడితేనే ప్రెషర్ పుడుతుంది. పాత జపాన్ బళ్లలోనే రోలర్ బేరింగుల క్రాంకు ఉన్నవాటికి అర కేజీ ఉంటే గొప్ప, అది వాటి ధర్మం. నాది షెల్ బేరింగుల బండి, దానికి అలా చెల్లదు. షెల్స్ అరిగి సందు పెరిగినా ముల్లు పడిపోతుంది. అడుగున ఆయిల్ వడగట్టే జాలీ మూసుకుపోయినా, ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వులో చెత్త ఇరుక్కుని తెరుచుకుపోయినా పడిపోతుంది. ఆయిల్ పల్చబడినా అంతే. ఇరవై రెండు వేల కారణం ఉంది, ఖర్చులేని కారణం ఉంది. ఖర్చులేనిదాంతో మొదలుపెడదామని ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగాను.

ఆయిల్ పైగీత దాటి ఉంది.

నేనేమో ఆరు వందల కిలోమీటర్లు తిరిగినా చుక్క తగ్గలేదని, నా బండి ఆయిల్ తాగదని మురిసిపోతున్నాను! ఇద్దరు మెకానిక్‌లూ ఇదే డిప్‌స్టిక్ చూసి "ఆయిల్ ఫుల్ ఉంది" అన్నారు. ఉంది మరి, పోసినదానికన్నా ఎక్కువుంది. ఎలా ఎక్కువైందో ముగ్గురిలో ఒక్కడికీ అనుమానం రాలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు బంకులో నిలబడినట్టుంది. డ్రెయిన్ బోల్టు విప్పితే నీళ్లలా జారింది. రెండున్నర లీటర్లు పోసినచోట మూడు లీటర్లు దాటి వచ్చింది. కార్బురేటర్లో పెట్రోలు నిండగానే దారి మూసే ఫ్లోట్ నీడిల్ చివర రబ్బరు అరిగి గాటు పడింది, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆ పాత రబ్బరుకి పడలేదేమోనని నా అనుమానం. నేను కాక్ మూయను కాబట్టి రాత్రంతా పెట్రోలు చుక్కచుక్కగా పొంగి, సిలిండర్లోకి దిగి, రింగుల సందుల్లోంచి కింద ఆయిల్లో కలిసింది. ప్రతి రాత్రీ. గుర్రుపెట్టి నేను నిద్రపోతుండగా.

డ్రెయిన్ బోల్టు అయస్కాంతం తుడిచి చూశాను, పాత ఫిల్టర్ కోసి మడతలు విప్పి ఎండలో పెట్టి చూశాను. మెరిసే పొట్టు లేదు. బేరింగులు బతికే ఉన్నాయి, ఎలా బతికాయో వాటికే తెలియాలి. కొత్త నీడిల్ నూట ఎనభై, కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్. మళ్లీ టేబుల్ ఫ్యాను, మళ్లీ గేజి. వేడి మీద ఐడిల్లో ముప్పావు కేజీ. రేసిస్తే ముల్లు నాలుగు దాటింది. పై ఫ్లోరు ఆంటీ ఈ రాత్రిపూట గోలేంటి బాబూ అని బాల్కనీలోంచి అరిచింది, క్షమించండి ఆంటీ అన్నాను కానీ నవ్వు ఆపుకోలేకపోయాను.

నిన్ను మళ్లీ నీ చోట్లో బిగించి, వైరు తగిలించి, నల్ల టేపు ముక్కని చెత్తబుట్టలో వేసి తాళం తిప్పాను. వెలిగావు. స్టార్ట్ చేశాను. రెండు సెకన్లకి ఆరిపోయావు. వైరు పీకినా, పిచ్చిదన్నా, బొట్టుబిళ్ల అంటించబోయినా నువ్వు ఉన్నదే చెప్పావు, ఒప్పుకుంటున్నాను. ఎంతో చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు, ఆ కోపం అలాగే ఉంది, ఇత్తడి గేజిని కూడా అటక మీద పెట్టలేదు, సీటు కింద పెట్టుకుని తిరుగుతున్నాను.

నిన్న సాయంత్రం అదే లక్డీకాపూల్ సిగ్నల్. తొంభై సెకన్ల ఎర్ర లైటు కింద నేను కళ్లార్పకుండా నిన్నే చూస్తున్నాను, నువ్వు వెలగలేదు. పక్కనుంచి ఒక కుర్రాడు చెమటలు కక్కుకుంటూ బండి తోసుకుపోతున్నాడు. నా నోరు ఊరుకోలేదు.

"పెట్రోల్ అయిపోయిందా తమ్ముడూ?"

ఇట్లు,
తమ విధేయుడు,
నారాయణగూడ

తా.క.: మామయ్యకి ఫ్లోట్ నీడిల్ పోయిందని మాత్రమే చెప్పాను. కాక్ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ.