రోడ్డవతలి మూడు వేలు

చీమకుర్తిలో కర్నూలు రోడ్డు పక్కన ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. ఆ పొద్దున పాలిష్ లైన్ ఆపరేటర్ పని మానేశాడు. ఇక్కడ పదిహేడు వేలు, రోడ్డవతలి యూనిట్లో ఇరవై వేలు. యూనిట్ పెట్టిన మామయ్యకూ, నెల్లూరులో ఎంబీఏ చదివొచ్చి రెండేళ్లుగా లెక్కలు చూస్తున్న మేనకోడలికీ ఆఫీసు గదిలో వాదన మొదలైంది. ఆడిటర్ గారు పంపితే జీఎస్టీ కాగితాల కోసం వెళ్లి నేను మధ్యలో ఇరుక్కున్నాను. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

మామయ్య: చూశావా అమ్మాయ్! వచ్చిన కొత్తలో రాతి స్లాబు ఎక్కడ పట్టుకోవాలో కూడా తెలీదు వాడికి. ఏడాదిన్నర నేర్పిస్తే ఎదురుగా పోయి కూర్చున్నాడు. నేర్పడం దండగ. పని వచ్చినోణ్ణి తెచ్చుకోవడమే మేలు.

మేనకోడలు: పని వచ్చినోడు ఎక్కడి నుంచి ఊడిపడతాడు మామయ్యా? ఎవరో ఒకరి దగ్గర నేర్చుకోవాల్సిందే కదా. అయినా మనం నేర్పిందేముంది? 'పక్కన నిలబడి చూడు' అన్నాం, అంతే. నేర్పినందుకు పైసా ఖర్చు కాలేదు, నేర్పనందుకే అవుతోంది. విరిగిన స్లాబుల పుస్తకం చూపించనా?

మామయ్య: రాయి అన్నాక విరగదా? లోపల సన్న పగులుంటే దేవుడు కూడా ఆపలేడు.

మేనకోడలు: పగులు వల్ల పోయినవి వేరే పేజీలో రాశాను. దించేటప్పుడు మూల తగిలి విరిగినవి ఇవి. తారీఖులు చూడండి. కొత్త హెల్పర్లు దిగిన నెలల్లోనే ఎక్కువ.

(పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.)

మామయ్య: సరే, ఒడిశా జట్టును చూడు. మేస్త్రీకి ఒక్క ఫోను కొడితే ఎనిమిది మంది దిగారు. ఇంటర్వ్యూ లేదు, ఏం లేదు. ఒకడికొకడు బంధువులు, ఒకడు తప్పు చేస్తే మిగతావాళ్లే గడ్డిపెడతారు. పైగా అడ్వాన్సు ఇచ్చాం కాబట్టి కదల్లేదు.

మేనకోడలు: మేస్త్రీ అలిగిన రోజు ఎనిమిది మందీ ఒకే రైలెక్కుతారు, అది కూడా చెప్పండి. ఇక అడ్వాన్సు సంగతి. అప్పు చూపించి మనిషిని పనికి కట్టేయడం వెట్టిచాకిరీ అని 1976లోనే చట్టం చేసి రద్దు చేశారు. ఐటీఐ పిలకాయల ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ సొరుగులో ఎందుకున్నాయి?

మామయ్య: ఆగాగు. మేస్త్రీ తమ్ముడు చెల్లెలి పెళ్లికి లక్ష అడిగితే వడ్డీ లేకుండా ఇచ్చిందెవరు? ఏ బ్యాంకువాడిస్తాడు, చెప్పు? జామీను ఎవడు నిలబడతాడు? దాన్ని వెట్టి అంటుండావా నువ్వు?

మేనకోడలు: అప్పు ఇవ్వొద్దనలేదు. పోతానన్న రోజున ఆపొద్దంటున్నాను. నెలకింత అని కాగితం మీద రాసి వాళ్లకొక కాపీ ఇవ్వండి. సర్టిఫికెట్లు మాత్రం ఈ రోజే ఇచ్చేయాలి.

(అప్పు విషయంలో నా మొగ్గు మామయ్య వైపే. పెళ్లికి లక్ష పుట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. సర్టిఫికెట్ల దగ్గర మాత్రం ఆయన గొంతు తగ్గింది.)

మామయ్య: జీతం పెంచితే పనిచేస్తారనేది వట్టి భ్రమ. జీతం ఖాయం అనగానే ఫోన్లో పడతారు. పాలిష్ చేసిన అడుగుకింత అని లెక్క కట్టినప్పుడు చూశావుగా, లైన్ పరిగెత్తింది.

మేనకోడలు: పరిగెత్తింది నిజమే. బెల్టు స్పీడు పెంచారు. రాయిని రుద్దే ప్రతి హెడ్డు కింద అది నిలవాల్సినంత సేపు నిలవకపోతే మెరుపెక్కడిది? నల్లరాయిలో బంగారు చుక్కలు మబ్బుపట్టినట్టు వచ్చాయి. వాటిని మళ్లీ లైన్‌లో వేశాం. రెండుసార్లు కరెంటు, రెండుసార్లు రుద్దే అబ్రేసివ్‌లు, అడుగు డబ్బులు మాత్రం వాళ్లకు ముందే ఇచ్చేశాం. పాసైన అడుగులకే ఇస్తే గొడవుండేది కాదు.

మామయ్య: అది మేస్త్రీ చూసుకోవాల్సింది.

మేనకోడలు: మేస్త్రీకీ అడుగుకే కదా ఇచ్చాం! అమెరికాలో కార్ల కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్ సంగతి వినండి. 1913లో పద్నాలుగు వేల మందిని నిలుపుకోవడానికి ఏడాదిలో యాభై రెండు వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. వచ్చినోళ్లు వచ్చినట్టే పోయారు. 1914 జనవరిలో రోజుకు ఐదు డాలర్లు ప్రకటించాడు, పని ఎనిమిది గంటలకు తగ్గించాడు. ఆ దెబ్బతో వలసలు ఆగాయి.

మామయ్య: మిగతా కథ మీ కాలేజీలో చెప్పలేదా? ఆ ఐదు డాలర్లు అందరికీ ఇవ్వలేదు. ఇళ్లకు మనుషుల్ని పంపి తాగుతున్నాడా, కాపురం సరిగా చేస్తున్నాడా అని ఆరా తీసి ఇచ్చాడు. యూట్యూబులో చూశాలే. నేను సర్టిఫికెట్లే దాచాను, ఆయన వంటింట్లోకే దూరాడు!

(ఆమె నవ్వేసింది. ఆ పాయింటు ఆయనదే.)

మేనకోడలు: ఒప్పుకుంటా. ఇంతకీ మన ఆపరేటర్ మూడు వేల కోసం పోలేదు మామయ్యా. గేటు దగ్గర అడిగాను. వాళ్లమ్మకు షుగర్, కాలికి పుండు. అక్కడ ఈఎస్ఐ కార్డు ఇస్తారట. ఇరవై వేల జీతంలో ముప్పావు శాతం, అంటే నూట యాభై రూపాయలు వాడి నుంచి పట్టుకుంటారు. మూడుంపావు శాతం, ఆరు వందల యాభై ఓనరు కడతాడు. అమ్మకు కూడా వైద్యం చేయిస్తారు. మన పదిహేడు వేలకైతే ఐదు వందల యాభై చిల్లర, అది మిగుల్చుకుని మనం ఆపరేటర్ని పోగొట్టుకున్నాం.

మామయ్య: మనకు అది వర్తించదు. పదిమంది ఉంటేనే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటేనే పీఎఫ్.

మేనకోడలు: రిజిస్టర్లో తొమ్మిది పేర్లున్నాయి. షెడ్డులోకి రండి, తలకాయలు లెక్కపెడదాం.

మామయ్య: ఆడిటర్ గారి మనిషి ముందా ఈ మాటలు!

(నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.)

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. లైన్ ఆగిపోయి ఉండటంతో బయట నీళ్లు కారే చప్పుడు కూడా వినబడుతోంది. పొదిలి నుంచి నెల కిందట వచ్చిన హెల్పర్ గుమ్మంలో నిలబడ్డాడు. నిన్న తీసిన స్లాబు ఓకేనా కాదా చెప్తే స్టాండులో పెడతామన్నాడు. మామయ్య కళ్లజోడు తీసుకుని లేచాడు. మేమూ వెనకాలే వెళ్లాం.

ఆయన స్లాబును ముట్టుకోలేదు. వంగి, చెంప దాదాపు రాయికి ఆనించినంత దగ్గరగా పెట్టి, పైనున్న ట్యూబులైటు నీడ రాయిలో ఎలా పడిందో చూశాడు. తర్వాత పక్కకు జరిగాడు.

"రారా, ఇక్కడ నిలబడు. పైనుంచి కాదు, ఏటవాలుగా చూడు. లైటు అంచు తిన్నగా ఉందా, వణుకుతోందా?"

"తిన్నగానే ఉంది సార్."

"ఇంకొంచెం వంగు. ఇప్పుడు చూడు."

కుర్రాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఆ చివర... కొంచెం వంకరగా ఉంది సార్."

"ఏ హెడ్డు దగ్గర అరిగిందో కనిపెట్టు పో" అన్నాడు మామయ్య. మేనకోడలు అప్పటికే సొరుగు తాళం కోసం చెయ్యి చాపింది.